మగ్గం మీదున్న పిల్లను పొగడరాదు

రాయచోటి,
నవంబరు 12.

గౌరవనీయులైన పెద్దసుబ్బయ్య గారికి,

నమస్కారాలు. మీ అమ్మాయి చౌడేశ్వరి చదువుతున్న హాస్టల్ బడిలో నేను లెక్కల టీచర్ని. పదో తరగతికి క్లాస్ టీచర్ని కూడా. ఈ ఏడాదే ఆదోని నుంచి బదిలీ మీద వచ్చాను కాబట్టి మీరు నన్ను చూసి ఉండరు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా మీ మగ్గం చప్పుడు, మధ్యలో మీరు ఆఁ ఆఁ అనడం తప్ప నాకేమీ వినపడలేదు. మీకు నా మాట అంతకంటే తక్కువ వినపడినట్టుంది. మీ అమ్మాయి గురించి మాట్లాడాలని నేనంటే, మీరు చీర ఖరీదు చెప్పి, బేరం లేదని కూడా అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

కంగారు పడకండి. అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. చదువులో క్లాసుకే మొదటిది. ఇబ్బందంతా అక్కడే వచ్చింది.

నేను ఉద్యోగం చేస్తూనే కడపలో పరిశోధన చేస్తున్నాను. హైస్కూలు పిల్లలు తమ గురించి తాము ఏమనుకుంటారు, దానికీ వాళ్ల మార్కులకూ సంబంధం ఏమిటి అన్నది నా విషయం. దీన్ని పుస్తకాల్లో ఆత్మభావన అంటారు. మొన్న క్లాసులో అందరికీ ఒక ప్రశ్నల కాగితం ఇచ్చాను. "నేను తెలివైనదాన్ని", "మొదలుపెట్టిన పని బాగా చేస్తాను", "నా మీద నాకు నమ్మకం ఉంది", ఇలాంటి వాక్యాలు. పక్కన అవును, కాదు అని ఉంటుంది, టిక్కు పెట్టాలి. మీ అమ్మాయి అన్నిటికీ కాదు అని పెట్టింది. "మా ఇంటివాళ్లకు నేనంటే గర్వం" అన్న చోట కాదు అని పెట్టి, ఊరుకోకుండా కింద గీత కూడా గీసింది. అదే క్లాసులో నాగశ్రీ అనే పిల్ల ఉంది. లెక్కల్లో అత్తెసరు మార్కులు. ఆ పిల్ల అన్నిటికీ అవును పెట్టి, మార్జిన్‌లో "చాలా" అని రాసింది.

తన గురించి తాను తక్కువ అనుకునే పిల్లకు కొన్నాళ్లకు మార్కులూ తగ్గుతాయని పుస్తకాలు చెబుతున్నాయి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఇవే మార్కులు నిలబెట్టుకుంటే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుంది, ఆరేళ్లు అక్కడే ఉండి ఇంజనీరు అవుతుంది. ఇప్పుడు జారితే మళ్లీ అందదు. కాబట్టి దయచేసి అమ్మాయిని పొగడండి. అంతకంటే మీరు చేయాల్సింది ఏమీ లేదు.

ఇట్లు,
ప్రణీత.

తా.క.: "నేను చూడ్డానికి బాగుంటాను" అన్న వాక్యం పక్కన టిక్కు పెట్టకుండా "మా అమ్మను అడగండి" అని రాసింది. అడుగుతున్నాను.

*

మాధవరం,
నవంబరు 20.

లెక్కల మేడమ్ ప్రణీత గారికి,

మాధవరం నుంచి పెద్దసుబ్బయ్య నమస్కరించి రాసే సంగతులు. ఇక్కడ నేను, నా భార్య చెన్నమ్మ, రెండు మగ్గాలు, అందరం క్షేమం. రెండో మగ్గం ఖాళీగా ఉంది, దాని సంగతి కింద రాస్తాను.

కవరు మీద బడి ముద్ర చూసి చెన్నమ్మ దాన్ని దేవుడి పటం ముందు పెట్టి, దండం పెట్టుకున్నాకే తెరవనిచ్చింది. పిల్ల క్లాసులో మొదటిదని చదవగానే, మరి ఈ ఉత్తరం ఎందుకు రాసినట్టని అడిగింది. చివరిదాకా చదివినా నాకూ తెలియలేదు. మళ్లీ మొదటి నుంచి చదివితే తెలిసింది. మా బిడ్డ తనను తాను పొగుడుకోలేదని మీ ఫిర్యాదు.

మేడమ్ గారూ, మా ఇంట్లో పెరిగిన పిల్ల అలాగే పెడుతుంది. మగ్గం మీదున్న గుడ్డను మా ఇంట ఎవరూ పొగడరు. మా నాయన పొగడలేదు, మా తాత పొగడలేదు. ఇంకా నేయాల్సింది ఉండగానే బాగుందన్నామా, దిష్టి తగిలి పోగులు తెగుతాయి. లేదంటే నేసేవాడి తల తిరిగి అంచు వంకర పోతుంది. రెండూ కళ్లారా చూశాను. ఎవరైనా గుమ్మంలో నిలబడి చీర వంక చూసి నోరు తెరవబోతే చెన్నమ్మ గభాలున దుప్పటి కప్పేస్తుంది. ఎలా వస్తోందని సావుకారు అడిగినా "ఏదో వస్తాండాదిలే" అంటాం. మగ్గం మీంచి చీర కోసి, మడత పెట్టి, చేతికిచ్చినాకే పొగడ్త. అప్పుడు మా నోటికి అడ్డం ఉండదు. చౌడేశ్వరి ఇంకా మగ్గం మీదే ఉంది కదా, ఎట్లా పొగడమంటారు?

గర్వం సంగతి దగ్గర గీత గీసిందని రాశారు. ఆ ముక్క చెన్నమ్మ నాతో మళ్లీ చదివించుకుంది. 

ఇక ఇడుపులపాయ. ఆ సంగతి మేము అనుకోలేదు. పోయిన ఏడు నుంచి చెన్నమ్మకు కళ్లు సరిగా ఆనక మగ్గం దిగింది. పది అయ్యాక పిల్ల ఆ మగ్గం మీద కూర్చుంటుందని మా ఇద్దరి మనసులోనూ ఉంది. పిల్లతో ఎప్పుడూ అనలేదు. దసరా సెలవుల్లో వచ్చినప్పుడు నేను ఆ మగ్గానికి కొత్త తాళ్లు కడుతుంటే చూసింది, ఏమీ అడగలేదు. కాబట్టి ఆ మాట మార్చి అయ్యాక చూద్దాం.

మీరు చదువుకున్నవారు, పొగడమన్నారు, కాదనం. ఎంత పొగడాలో రాయండి.

ఇట్లు,
మీ విధేయుడు
పెద్దసుబ్బయ్య.

తా.క.: ఆ నాగశ్రీ ఎవరి బిడ్డ? వాళ్లకు చీరల అంగడి ఏమైనా ఉందా? ఉంటే వాళ్లకు నేను చీరలు అమ్మకానికి వేయాలి. అట్లాంటి నోరున్న ఇంట సరుకు నిలవదు.

తా.క. రెండు: మీరు అడిగిన దానికి చెన్నమ్మ జవాబు: మా వాళ్లలో అందరికంటే బాగుంటుంది, కానీ తనతో అనొద్దని చెప్పమంది.

*

రాయచోటి,
నవంబరు 28.

పెద్దసుబ్బయ్య గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి సంతోషించాను, తర్వాత తల పట్టుకున్నాను. మీ ఆచారం మీద నాకు గౌరవం ఉంది. కానీ పిల్ల చీర కాదు. చీరకు తాను బాగున్నానో లేదో తెలియాల్సిన పని లేదు, పిల్లకు ఉంది.

నా పరిశోధనలో ఒక పటం ఉంటుంది. ఒక్కో పిల్లకు ఒక్కో చుక్క. తన గురించి మంచిగా అనుకునే పిల్లకు మార్కులు ఎక్కువ, అనుకోని పిల్లకు తక్కువ, చుక్కలన్నీ ఒక గీత వెంట బుద్ధిగా నిలబడాలి. మీ అమ్మాయి చుక్క ఒక మూలకు పోయి ఒంటరిగా కూర్చుంది. ఎదురు మూలలో నాగశ్రీ కూర్చుంది. ఈ ఇద్దరినీ లెక్కలోంచి తీసేస్తే గీత చక్కగా వస్తుందని మా గైడు గారు అంటున్నారు. నేను తీయనన్నాను. నాకు గీత కంటే పిల్ల ముఖ్యం.

ఎంత పొగడాలని అడిగారు. ఒక పేజీ చాలు. నేరుగా అమ్మాయి పేరుకే రాయండి. ఏది బాగా చేస్తుందో విడమరిచి రాయండి. "ఏదో వస్తాండాది" అని మాత్రం రాయకండి. ఇడుపులపాయ సంగతి మార్చి అయ్యాక చూద్దామన్నారు. సరే, కానీ మగ్గం సంగతి కూడా అప్పటిదాకా అమ్మాయి దగ్గర ఎత్తకండి.

ఇట్లు,
ప్రణీత.

తా.క.: నాగశ్రీ వాళ్లకు ఇక్కడి బజారులో చీరల అంగడే ఉంది, మీరు ఎలా కనిపెట్టారో గానీ. వాళ్ల దగ్గర నేనూ ఒకటి కొన్నాను. మొదటి ఉతుకుకే రంగు దిగి నా మిగతా బట్టలన్నిటికీ అంటుకుంది. అడగబోతే, ఈ రకం చీరకు కలుపుగోలుతనం ఎక్కువని చెప్పి పంపారు.

*

మాధవరం,
డిసెంబరు 6.

ప్రణీత మేడమ్ గారికి,

నమస్కారం. మీరు చెప్పినట్టే పిల్లకు పొగడ్త ఉత్తరం రాసి పంపాను. రాయడానికి పడిన పాట్లు మీకు చెప్పుకోవాలి. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే నాకు ఒక్క మాటా రాలేదు. చెన్నమ్మను అడిగితే, "నువ్వు కోసిన చీరలను పొగుడుతావు గదా, అట్లే రాయి" అంది. ఆ దారి దొరికాక కలం ఆగలేదు. మీరు చూసి దిద్దుతారని నకలు రాస్తున్నాను.

"చౌడేశ్వరికి ఆశీర్వదించి నాయన రాయడమేమనగా, నువ్వు మంచి గట్టిదానివి. లోపలా బయటా ఒకటే, వెనక తిప్పి చూసినా ముడి కనపడదు. ఎన్ని ఎండలు తగిలినా రంగు మారే రకం కాదు. ఎవరింటికి పోయినా నిన్ను చూసి ఇది ఎవరి చేతి పని అని అడుగుతారు. ఇన్నాళ్లూ మేము పడిన కష్టానికి ఫలితం చక్కగా వచ్చింది. ఇంక నీలో దిద్దాల్సింది ఏమీ లేదు."

కింద చెన్నమ్మ తన పేరు మీద రెండు మాటలు రాయించింది. నీ చేతి వంట బాగుంటుంది, ఇల్లు సర్దడంలో నిన్ను మించినవాళ్లు లేరు, నువ్వు ఇంట్లో ఉంటే ఇల్లు నిండుగా ఉంటుంది అని.

పేజీకి నాలుగు వేళ్లు తక్కువైంది. అక్కడ ఏం రాయాలో తోచక, మీ మేడమ్ కూడా నువ్వు శానా బాగుండావని చెప్పిందని రాసి నింపాను.

ఇట్లు,
పెద్దసుబ్బయ్య.

తా.క.: ఉత్తరం డబ్బాలో వేసి ఇంటికొచ్చి మగ్గం ఎక్కితే వరసగా పోగులు తెగాయి. నేనేమీ అనడం లేదు, జరిగింది రాశాను.

*

రాయచోటి,
డిసెంబరు 18.

పెద్దసుబ్బయ్య గారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం కొంచెం బాధతో రాస్తున్నాను. మీ ఉత్తరం అమ్మాయికి అందిన రోజు అన్నం తినలేదు. దుప్పటి ముసుగేసుకుని ఏడ్చిందని పక్క మంచం పిల్లలు చెప్పారు. మరుసటి రోజు అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కల పేపరు. ఎప్పుడూ నాకు తప్పు దొరకనివ్వని పిల్ల, సగం కాగితం ఖాళీగా ఇచ్చింది. అడిగితే ఏమీ లేదు మేడమ్ అంటుంది. తన కంపాస్ బాక్సు నాగశ్రీకి ఇచ్చేసిందట, నాకింక దీంతో పనిలేదని. నోటు పుస్తకాలు కూడా వాళ్లకూ వీళ్లకూ పంచుతోంది. ఖాళీ దొరికితే చాలు, ట్రంకు పెట్టె తీసి సర్దుతోంది.

దీన్ని మీరు తప్పుగా అర్థం చేసుకోవద్దు. నేను పుస్తకాలన్నీ తిరగేశాను. ఎన్నడూ పొగడ్త ఎరగని పిల్లకు ఒక్కసారిగా పొగడ్త తగిలితే మొదట ఒళ్లు తట్టుకోదు. మందు పడేటప్పుడు జ్వరం ఎక్కువైనట్టే. మానకూడదు, పెంచాలి. మా గైడు గారు కూడా మోతాదు పెంచమనే అన్నారు.

వచ్చే ఆదివారం తల్లిదండ్రులు చూడ్డానికి రావచ్చు. మీరిద్దరూ రండి. క్లాసు పిల్లలందరినీ కూర్చోబెట్టి మైకు పెట్టిస్తాను. మీ నోటితో, అందరి ముందూ అమ్మాయిని పొగడండి. కాగితం మీద కంటే అది బాగా పనిచేస్తుంది.

ఇట్లు,
ప్రణీత.

తా.క.: మోతాదు నేనూ పెంచాను. రోజూ హాజరు తీసుకునేటప్పుడు ఆమె పేరు దగ్గర ఆగి ఒక మంచి మాట చెబుతున్నాను. నిన్న "చక్కగా హాజరయ్యావు" అన్నాను. ఇంతకంటే ఏం చెప్పాలో నాకూ తోచడం లేదు.

*

మాధవరం,
డిసెంబరు 30.

ప్రణీత మేడమ్ గారికి,

నమస్కారం. ఆదివారం జరిగింది మీకు సగమే తెలుసు. మిగతా సగం రాస్తాను. చదివాక మీరూ నేనూ ఇంక ఈ పొగిడే పని మానుకుందాం.

నేను మైకు ముందు నిలబడడం మీరు చూశారు. ఉత్తరంలో రాసినవన్నీ మళ్లీ చెప్పాను, మరచిపోయిన చోట చెన్నమ్మ అందించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నాగశ్రీ, కొట్టి వచ్చి తన గురించి కూడా రెండు ముక్కలు చెప్పమంది. చౌడేశ్వరి మాత్రం తల ఎత్తలేదు. మా దగ్గరికి వచ్చి కాళ్లకు దండం పెట్టి, బస్సు ఎన్నింటికి నాయనా అని అడిగింది. పిల్లకు మా మీద ఎంత ధ్యాస అనుకుని చెప్పాను. నాలుగింటి బస్సని.

బస్టాండులో కడప బస్సు ఎక్కబోతుండగా చూస్తే, ట్రంకు పెట్టె ఎత్తుకుని చౌడేశ్వరి వస్తోంది. మీ గేటు దగ్గర కాపలా ఉండే రెజీనమ్మ, పిల్ల మాతోనే పోతోందనుకుని వదిలేసిందట. ఆమెను ఏమీ అనకండి. పెట్టె మా ముందు పెట్టి, పోదాం పా అంది. యాడికమ్మా అన్నాను. ఇంటికి అంది. నాకు ఏమీ అర్థం కాలేదు. బడి ఉంది కదా అంటే, నా వైపు సూటిగా చూసి, బస్సులోవాళ్లందరికీ వినపడేటట్టు అడిగింది.

"నాయనా, మగ్గం మీదుండే గుడ్డను మీరు ఎన్నడన్నా పొగిడినారా? కోసినాక గదా పొగిడేది. ఉత్తరంలో పొగిడితిరి, మైకులో పొగిడితిరి. దిద్దేది ఏమీ లేదంటిరి. నా చదువు కోసేసినారా?"

మేడమ్ గారూ, నేను అంత బరువైన మాట నా జన్మలో వినలేదు. మన పొగడ్త ఆ బిడ్డకు అట్లా వినపడింది. మన ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నేను మగ్గం ఇంటివాణ్ని అయి ఉండి కూడా. చెన్నమ్మ అక్కడే కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. పల్లీలు అమ్మే ఆమె గంప దించి నిలబడింది. డ్రైవరు ఇంజన్ ఆపాడు.

అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇది. ముందుగా అనుకున్నది కాదు.

"ఎవురు కోసినారు తల్లీ? నీకు ఎంత కావాలంటే అంత చదువుకో. ఆ ఇడుపులపాయకు పో. రెండో మగ్గం సంగతి నేను సూసుకుంటా."

కండక్టరు ఊరుకోలేదు. "ఏమప్పా, ఇంతమందిలో అంటాండావు, మళ్లీ మాట మార్చవు గదా" అన్నాడు. మార్చనన్నాను. ఇంక నాకు వేరే దారి ఏముంది? బస్సెడు జనం సాక్ష్యం.

పెట్టె నెత్తిన పెట్టుకుని పిల్లను మళ్లీ మీ గేటు దాకా దిగబెట్టి వచ్చాను. పెట్టె నిండా పుస్తకాలు కాబోలు, రాతిబండ మోసినట్టయింది. అప్పటి నుంచి నడుం పట్టేసి మగ్గం ఎక్కలేకపోతున్నాను.

ఇట్లు,
పెద్దసుబ్బయ్య.

తా.క.: మొన్న కడపలో అదే కండక్టరు ఎదురై, దరఖాస్తు పెట్టారా అని అడిగాడు. ఇంకా పరీక్షలే కాలేదన్నాను. నమ్మినట్టు లేదు.

*

రాయచోటి,
ఫిబ్రవరి 16.

పెద్దసుబ్బయ్య గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి సిగ్గుతో ఇన్నాళ్లూ జవాబు రాయలేకపోయాను. ఒక పిల్ల మనసు తెలుసుకోవడానికి అన్ని ప్రశ్నలు అడిగాను గానీ, ఎందుకు ఏడుస్తున్నావని పక్కన కూర్చుని అడగలేదు. మోతాదు పెంచాను. తప్పు మీది కాదు, నాది.

పొగడ్తలు మానేశాను. హాజరు తీసుకునేటప్పుడు పేరు ఒక్కటే పిలుస్తున్నాను. ప్రీ ఫైనల్‌లో లెక్కలకు మళ్లీ పూర్తి మార్కులు వచ్చాయి. కాగితం ఇస్తూ అలవాటుగా "భేష్" అనబోయి, గుర్తొచ్చి, ఏడో లెక్కలో ఒక మెట్టు వదిలేశావని అన్నాను. ముఖం వెలిగిపోయింది. చుక్కల పటంలో తనను ఉన్న మూలలోనే ఉంచి, పక్కన ఒక పేజీ వివరం రాశాను. గైడు గారు ఒప్పుకోవడానికి కాస్త సమయం పట్టింది.

మీరు ఆ రోజు ఇచ్చిన మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. కానీ ఒక్క దిగులు ఉంది. మీ అమ్మాయి మరీ అమాయకురాలు. మనసులో భయం పెట్టుకుని కుమిలిపోయింది తప్ప, నాకు ఇది కావాలి అని నోరు తెరిచి అడగలేకపోయింది. అంత పెద్ద కాలేజీలో ఎలా నెగ్గుకొస్తుందో. వేసవిలో మీరైనా కొంచెం ధైర్యం నేర్పండి.

ఇట్లు,
ప్రణీత.

తా.క.: మీ నడుముకు నొప్పి నూనె సీసా పంపుతున్నాను. ఆదోనిలో మా అమ్మ వాడేది. రాత్రిపూట రాసుకుని కాపడం పెట్టుకోండి.

*

మాధవరం,
జూలై 9.

ప్రియమైన ప్రణీత మేడమ్‌కు,

మీ చౌడేశ్వరి నమస్కారాలు. ఇడుపులపాయ నుంచి పిలుపు వచ్చింది. ఎల్లుండి ప్రయాణం. ఎవరు అడిగినా అమ్మానాయనలు "ఏదో వచ్చిందిలే" అంటున్నారు. నిన్నటి నుంచి ఇంట్లో అందరికీ మాత్రం ఒకటే నవ్వు. రెండో మగ్గం మీద పక్కింటి పెద్దక్క కూర్చుంటోంది. మా నాయన ఆమెకు పని చూపిస్తూ రోజంతా తప్పులు పడుతున్నాడు, కాబట్టి బాగానే నేస్తున్నట్టు.

మీరు నాయనకు రాసిన ఉత్తరాలు ఇంట్లో చదివాను. నేను అమాయకురాలినని, నోరు తెరిచి అడగలేనని రాశారు. మీరు నొచ్చుకోకపోతే ఒక సంగతి చెబుతాను. మనసులో ఉంచుకుని పోతే అక్కడ చదువు తలకెక్కదు.

పొగడ్త ఉత్తరం వచ్చిన రోజు నేను నిజంగానే ఏడ్చాను. దసరాకు నాయన కొత్త తాళ్లు కట్టడం చూసినప్పటి నుంచే నాకు గుబులుగా ఉంది. ఉత్తరం చూడగానే అంతా అయిపోయిందనుకున్నాను. మరుసటి రోజు లెక్కల పేపరు సగం వదిలేయడం కూడా నిజమే. ఆ రోజు నాకు అంకెలు కనపడలేదు. కంపాస్ బాక్సు ఇచ్చేయడం కూడా నిజమే. దాన్ని నాగశ్రీ దగ్గర మళ్లీ తీసుకోవడం పబ్లిక్ పరీక్షల కంటే కష్టమైంది.

ఆ తర్వాత కుళాయి దగ్గర బట్టలు ఉతుక్కుంటూ ఆలోచించాను. నీ చదువు ఆపుతామని నాతో ఎవరూ అనలేదు. చదివిస్తామనీ అనలేదు. ఇంట్లో అడిగితే అమ్మ నాయన వైపు చూస్తుంది, నాయన మగ్గం వైపు చూస్తాడు, మాట అక్కడితో అయిపోతుంది. కానీ నలుగురిలో ఇచ్చిన మాట మా నాయన తప్పడు. ఫలానా రోజుకు చీర ఇస్తానని సావుకారుకు అందరి ముందు అన్నాడంటే జ్వరం వచ్చినా ఇస్తాడు. కాబట్టి అడిగితే నలుగురిలోనే అడగాలి. మీరు మైకు పెట్టినప్పుడు అక్కడే అడుగుదామనుకున్నాను. కానీ అక్కడున్నది మన బడి పిల్లలే, వాళ్లు మా నాయనకు సాక్ష్యం కిందికి రారు. బస్టాండైతే పెద్దవాళ్లు ఉంటారు. అందుకే బస్సు ఎన్నింటికని అడిగాను.

ఆయన వద్దంటే చెప్పడానికి జవాబులు బట్టీపట్టుకుని పోయాను. ఒక్కటి కూడా వాడుకోలేదు మేడమ్. నేను అడగగానే సరే అన్నాడు.   ఇన్నాళ్లూ ఆయన నన్ను మగ్గానికే అనుకుంటున్నాడని, అడిగినా ఒప్పుకోడని నాకు నేనే అనుకున్నాను. నేను అడగలేదు కాబట్టి నాకు పై చదువు మీద మనసు లేదని ఆయన అనుకున్నాడట. ఇద్దరం ఒకరికొకరు చెప్పకుండా అంత కాలం గడిపాం. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

ఇంకొకటి. ఆ పెట్టె మోసి నడుం పోయిందని నాయన మీకు రాశాడు. మీకే కాదు, ఊరంతా చెప్పాడు. పెట్టె నిండా పుస్తకాలేనని, రాతిబండ బరువని.

ఆ పెట్టెలో ఒక దువ్వెన తప్ప ఏమీ లేదు మేడమ్. బట్టలూ పుస్తకాలూ మూటకట్టి హాస్టల్లో నా మంచం కిందే పెట్టి పోయాను. ఎట్లాగూ సాయంత్రానికి తిరిగి వస్తాను కదా, మళ్లీ సర్దుకోవడం ఎందుకని.

పెట్టె ఎత్తుకోగానే ఆయనకు తెలిసిపోయింది. నా వైపు ఒక్కసారి చూశాడు. లోపల దువ్వెన ఒక మూల నుంచి ఇంకో మూలకు జారిన చప్పుడు నాకూ వినపడింది. చుట్టూ కండక్టరు, పల్లీలామె, బస్సులోవాళ్లు అందరూ చూస్తున్నారు. నాయన నడుం వంచి, అబ్బా అని మూలుగుతూ, దారిలో రెండు చోట్ల దించి ఆయాసం తీర్చుకుని, గేటు దాకా మోశాడు. ఈ రోజు దాకా ఆ సంగతి నాతో ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మీ విద్యార్థిని
చౌడేశ్వరి.

తా.క.: మీరు పంపిన నొప్పి నూనె ఊరికే పోలేదు. వచ్చిన రోజే నాయన దాన్ని రెండో మగ్గం కిర్రుమనే చోట పోశాడట. ఇప్పుడు చప్పుడు లేకుండా ఆడుతోంది. మీ అమ్మగారికి చెప్పండి.